మూడు ఫిబ్రవరులు

మొన్న ఆఫీసులో లంచ్ దగ్గర ఓ వాదన నడిచింది. సెర్బియా లాంటి చిన్న దేశం టెన్నిస్‌లో అంతమందిని ఎలా తయారుచేసింది, మనకి సానియా మీర్జా తర్వాత ఇంకొకరు ఎందుకు రాలేదు అని. "టాలెంట్ బాసూ, అది ఉంటే ఎక్కడున్నా పైకొస్తారు" అని మావాడొకడు తేల్చేశాడు. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగినవాణ్ణి, మన అమ్మాయి సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తే ఒప్పుకోబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి పాత స్కోర్లు, తేదీలు ముందేసుకు కూర్చున్నాను. వాటిలో నాకు కనబడిన సంగతి ఇది.

ముందు వయసులు చూడండి. యెలెనా యాంకోవిచ్ పుట్టింది 1985లో, సానియా 1986లో, ఆనా ఇవనోవిచ్ 1987లో. ముగ్గురూ ఒకే బ్యాచ్ అన్నమాట. 1999లో బెల్‌గ్రేడ్ మీద నాటో బాంబులు పడుతున్నప్పుడు ఆనాకి పదకొండేళ్ళు. చలికాలంలో ఇండోర్ కోర్టు దొరక్క, నీళ్ళు తీసేసిన స్విమ్మింగ్ పూల్‌లో కార్పెట్ పరిచి ప్రాక్టీసు చేసింది. యాంకోవిచ్ అయితే చిన్నప్పుడే అమెరికాలో బొలిటియెరి అకాడమీకి వెళ్ళిపోయింది.

ఇక్కడ సానియా ఆరేళ్ళకి రాకెట్ పట్టుకుంది. పేడతో అలికిన కోర్టుల మీద ఆడటం మొదలుపెట్టానని ఆవిడే చాలాసార్లు చెప్పింది. ఇంట్లో నాన్న ఇమ్రాన్ మీర్జాయే కోచ్. తర్వాత మన సికింద్రాబాద్‌లోని సిన్నెట్ టెన్నిస్ అకాడమీలో శిక్షణ తీసుకుంది. అంటే కష్టాల్లో ఎవరూ ఎవరికీ తీసిపోలేదు. పట్టుదల ముగ్గురికీ ఉంది. మరి తేడా ఎక్కడ?

ఇక్కడ టెన్నిస్ ర్యాంకింగ్ ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి. పెద్ద టోర్నీలో ఆడాలంటే ర్యాంకు కావాలి. ర్యాంకు రావాలంటే టోర్నీల్లో గెలిచి పాయింట్లు తెచ్చుకోవాలి. మనం ఫ్రెషర్లుగా ఉన్నప్పుడు పడ్డ బాధే ఇది: ఎక్స్‌పీరియన్స్ ఉంటేనే ఉద్యోగం, ఉద్యోగం ఉంటేనే ఎక్స్‌పీరియన్స్. కింద ఐటీఎఫ్ చిన్న టోర్నీలు ఉంటాయి. వాటిలో వచ్చే పాయింట్లు తక్కువ, డబ్బు విమానం టికెట్లకే చాలదు. ఈ చక్రం నుంచి బయటపడటానికి ఉన్న అడ్డదారి వైల్డ్ కార్డ్. టోర్నీ నిర్వాహకులు ర్యాంకు లేకపోయినా కొందరికి నేరుగా చోటు ఇవ్వొచ్చు. సహజంగానే ఎక్కువగా తమ ఊరి వాళ్ళకే ఇస్తారు. మరి మన ఊళ్ళో టోర్నీయే లేకపోతే?

సానియా విషయంలో సరిగ్గా కావలసిన సమయానికి ఊళ్ళో టోర్నీ వచ్చింది. 2002 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో నేషనల్ గేమ్స్ జరిగాయి. 2003 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ టూరిజం పేరుతో డబ్ల్యూటీఏ టోర్నీ హైదరాబాద్ ఓపెన్ మొదలైంది. అదే ఏడాది అక్టోబర్, నవంబర్‌లలో ఆఫ్రో ఏషియన్ గేమ్స్ కూడా ఇక్కడే. ఆ గేమ్స్‌లో సానియా నాలుగు బంగారు పతకాలు గెలిచింది.

ఇప్పుడు ఆ మూడు ఫిబ్రవరుల సంగతి.

2003: సానియాకి పదహారేళ్ళు. అప్పటికే బుసాన్ ఏషియన్ గేమ్స్‌లో లియాండర్ పేస్‌తో మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం గెలిచింది. హైదరాబాద్ ఓపెన్‌లో వైల్డ్ కార్డ్ ఇచ్చారు. మొదటి రౌండ్‌లోనే ఆస్ట్రేలియా అమ్మాయి ఎవీ డొమినికోవిచ్ చేతిలో ఓడిపోయింది. ఆ జూలైలో రష్యా అమ్మాయి అలీసా క్లెయ్‌బనోవాతో కలిసి వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచింది.

2004: మళ్ళీ వైల్డ్ కార్డ్, మళ్ళీ మొదటి రౌండ్‌లోనే ఓటమి. ఈసారి నికోల్ ప్రాట్ మీద మూడు సెట్లు పోరాడింది. ఆ ఏడాది టైటిల్ ప్రాట్‌దే. కానీ డబుల్స్‌లో లీజెల్ హ్యూబర్‌తో కలిసి సానియా తన మొదటి డబ్ల్యూటీఏ టైటిల్ కొట్టింది.

2005: జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్ దాకా వెళ్ళి సెరెనా విలియమ్స్ చేతిలో ఓడింది. ఫిబ్రవరి 12న హైదరాబాద్ ఫైనల్లో ఉక్రెయిన్‌కి చెందిన అల్యోనా బొండరెంకోని 6-4, 5-7, 6-3తో ఓడించింది. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయురాలు.

ఆ తర్వాతదంతా పరుగే. కొద్ది వారాలకే దుబాయ్‌లో యూఎస్ ఓపెన్ చాంపియన్ కుజ్నెత్సోవాని ఓడించింది. అక్కడ క్వార్టర్ ఫైనల్లో ఆపింది ఎవరనుకున్నారు? యాంకోవిచ్! ఆ సెప్టెంబర్‌లో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్. ఏడాది చివరికి ర్యాంకు 31. 2007లో 27 దాకా వెళ్ళింది. సింగిల్స్‌లో టాప్ 100లోకి వెళ్ళిన భారత మహిళ సానియా ఒక్కతే.

గెలిచిన మూడో ఫిబ్రవరి అందరికీ గుర్తుంది. నాకు మాత్రం ఓడిన రెండు ఫిబ్రవరులే ముఖ్యం అనిపిస్తాయి. పదహారేళ్ళ పిల్ల వీసా, ఫ్లైట్, హోటల్ గొడవ లేకుండా, ఇంట్లో అన్నం తిని వెళ్ళి ప్రపంచ స్థాయి ప్లేయర్ చేతిలో ఓడిపోయి రాగలిగింది. మళ్ళీ వచ్చే ఏడాది అదే కోర్టులో ఇంకో అవకాశం. టాలెంట్ తనదే, కాదనను. ఓడిపోవడానికి చోటు మాత్రం ఊరు ఇచ్చింది.

ఇక చేదు విషయం. 2006లో ఆ టోర్నీ బెంగుళూరు వెళ్ళిపోయింది. సెర్బియాలో దీనికి తిరగబడి జరిగింది. అక్కడ స్టార్లు ముందు వచ్చారు. 2008లో ఇవనోవిచ్, యాంకోవిచ్ ఇద్దరూ నంబర్ వన్ అయ్యారు. ఆ పైన 2009లో జొకోవిచ్ కుటుంబం నెదర్లాండ్స్‌లో జరిగే టోర్నీ హక్కులు కొని బెల్‌గ్రేడ్‌కి పట్టుకొచ్చింది. అది మగవాళ్ళ టోర్నీయే, 2012 తర్వాత చాలా ఏళ్ళు ఆగిపోయింది కూడా. అయినా వాళ్ళు స్టార్ వచ్చాక టోర్నీ తెచ్చుకున్నారు. మనం స్టార్ వచ్చాక టోర్నీ పోగొట్టుకున్నాం. సానియా తర్వాత ఎవరూ రాలేదేం అని అడిగేవాళ్ళు, ఆ తర్వాతి పిల్లకి మొదటి రౌండ్‌లో ఓడిపోయే అవకాశం ఎక్కడ దొరికిందో కూడా అడగాలి కదా.

2005 ఫైనల్ రోజు నాకు ఏడేళ్ళు. ఫతేమైదాన్ వెళ్దాం నాన్నా అని పొద్దుట్నుంచీ సతాయించాను. సికింద్రాబాద్ నుంచి ఎంత దూరం కనుక, బస్సెక్కితే అరగంట. నాన్నకి ఆ రోజు కుదరలేదు. "వచ్చే ఏడాది తీసుకెళ్తాలేరా, ఎటూ ప్రతి ఏడాదీ ఉంటుందిగా" అన్నారు.