ఎల్ల మారినా మారని అలవాటు

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో చేరింది. 1997 నుంచి అది తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. ఎల్ల మారినా ఇంట్లో తెలుగు నిలిచింది. అరుగు మీద చుట్టా నిలిచింది.

తాతలనాటి అలవాటంటాం. కాని పొగాకు అమెరికా ఖండంలో పుట్టిన మొక్క. సుమారు నాలుగు వందల ఏళ్ళ క్రితం పోర్చుగీసు వర్తకులు దాన్ని మన దేశానికి తెచ్చారు. అంతకుముందు మన పెద్దలు దాన్ని ఎరుగరు.

గురజాడ వారి 'కన్యాశుల్కం'లో గిరీశం శిష్యుడికి నేర్పిన విద్య చుట్ట కాల్చడం. మనం నవ్వుకున్నాం. కాని అలవాటు దిగేది అలాగే, పెద్దల నుంచి పిల్లలకు.

దాని ఫలితమో? ఉత్తర కోస్తాలో నిప్పుకొస నోట్లో పెట్టుకొని అడ్డపొగ తాగే స్త్రీలకు అంగిట్లో క్యాన్సరు రావడం వైద్యులు గమనించారు. పొగాకు నమిలినా నోటికి ఆ ముప్పే. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి పూనికతో మద్రాసు అడయారులో క్యాన్సరు ఆసుపత్రి వెలసింది. చికిత్స ఉంది. అయితే రోగి వెంట మరొకరు వెళ్ళాలి. ఇంట్లో ఇద్దరి కూలి పోతుంది.

18 ఏళ్ళ లోపు వారికి పొగాకు అమ్మరాదని 2003 నాటి కేంద్ర చట్టం. ఎల్లకు ఇరువైపులా అదే చట్టం. అయినా చుట్ట తెమ్మని మనవణ్ణి అంగడికి పంపేది మనమే. ముందుగా అది మానుదాం.