పటం, దిక్సూచి, జీపీఎస్: ఒకే చోటు వేర్వేరుగా ఎందుకు కనిపిస్తుంది?

కోల్‌కతాలో బాబూఘాట్ మెట్ల దగ్గర ఫోన్ చూపించే అక్షాంశ, రేఖాంశాలను సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్ మీద గుర్తిస్తే ఆ చుక్క ఘాట్ మీద పడదు. పడమరకు జరిగి హుగ్లీ నదిలో పడుతుంది. తేడా సుమారు 270 మీటర్లు. 1:50,000 పటం మీద అది అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు. ఇందులో ఫోన్ తప్పు లేదు, పటం తప్పూ లేదు. రెండూ భూమిని వేర్వేరు కొలమానాలతో చూస్తున్నాయి, అంతే.

నగరంలో ఈ తేడా ఎవరినీ ఇబ్బంది పెట్టదు. సుందర్‌బన్స్‌లో తుపాను తర్వాత పడవ మీద వెళ్లే సహాయక బృందానికి మాత్రం 270 మీటర్లంటే ఒక కాలువకు ఈ ఒడ్డా, ఆ ఒడ్డా అన్న ప్రశ్న. పటం, దిక్సూచి, ఉపగ్రహ స్థాన నిర్ధారణ ఒక్కొక్కటీ ఎక్కడి నుంచి లెక్క మొదలుపెడుతుందో తెలిస్తేనే మూడింటినీ కలిపి వాడగలం.

ఎవరెస్ట్ కొలతలు

మన పటాల కథ చాలావరకు కోల్‌కతాలోనే మొదలైంది. 1767లో జేమ్స్ రెన్నెల్ బెంగాల్ సర్వేయర్ జనరల్ అయ్యారు. సర్వే ఆఫ్ ఇండియా తన పుట్టిన సంవత్సరంగా చెప్పుకునేది దాన్నే. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ కొలిచి ప్రారంభించిన త్రిభుజీకరణ సర్వే తెలంగాణ మీదుగా ఉత్తరానికి సాగింది. లాంబ్టన్ తర్వాత ఆ బాధ్యత జార్జ్ ఎవరెస్ట్‌కు దక్కింది.

త్రిభుజీకరణ సూత్రం తేలికైనదే. ఒక భుజాన్ని అత్యంత కచ్చితంగా కొలిస్తే, మిగతా త్రిభుజాలను కోణాలతోనే లెక్కగట్టవచ్చు. అలాంటి ఒక భుజాన్ని ఎవరెస్ట్ 1831-32లో కలకత్తా దగ్గర బరాక్‌పూర్ ట్రంక్ రోడ్డు వెంట కొలిచారు. వేడికి లోహం సాగినా పొడవు మారని ప్రత్యేక కడ్డీలను ఇందుకు వాడారు. బెంగాల్ నేల చదును. కొండలు లేవు, చెట్లు అడ్డం. అందుకే ఆధార రేఖ రెండు చివర్లా ఎత్తైన ఇటుక బురుజులు కట్టి, వాటి మీద నుంచి కోణాలు కొలిచారు. పైక్‌పాడా, సుఖ్‌చర్‌లలో ఆ బురుజులు ఇప్పటికీ కనిపిస్తాయి.

హిందూ కాలేజీలో చదివిన రాధానాథ్ సిక్దర్ ఆ సర్వేలో గణకుడిగా చేరిందీ 1831లోనే. పదిహేనవ శిఖరంగా నమోదైన కొండ ప్రపంచంలోకెల్లా ఎత్తైనదని తేల్చిన లెక్కల్లో ఆయనది ముఖ్య పాత్ర. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు, అంటే 8,840 మీటర్లు. 2020లో నేపాల్, చైనా ప్రకటించినది 8,848.86 మీటర్లు. తేడా సుమారు తొమ్మిది మీటర్లే.

ఈ కొలతలతో భారత్‌కు బాగా సరిపోయే ఒక గోళాభాన్ని, అంటే ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్లుండే భూగోళ నమూనాను, ఎవరెస్ట్ లెక్కించారు. మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్ దానికి మూల బిందువు. పాత టోపోషీట్లన్నీ దీని మీదే గీశారు. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్-84 నమూనా మొత్తం భూమికి సరిపోయేది. ఈ రెండు నమూనాల కేంద్రాల మధ్య దూరం సుమారు 800 మీటర్లు. బాబూఘాట్ చుక్క నదిలో పడటానికి కారణం ఇదే. ఇలాంటి ఆధార వ్యవస్థనే సర్వేయర్లు డేటం అంటారు.

షీట్ నంబరే చిరునామా

సర్వే ఆఫ్ ఇండియా పాత పద్ధతిలో దేశాన్ని నాలుగేసి డిగ్రీల గళ్లుగా విడదీసి అంకెలు ఇచ్చారు. ఒక్కో గడిలో ఒక్కో డిగ్రీ చొప్పున 16 భాగాలు ఉంటాయి. వాటికి ఏ నుంచి పీ వరకు అక్షరాలు. ప్రతి భాగాన్నీ మళ్లీ 15 నిమిషాల చొప్పున 16 ముక్కలు చేస్తే 1:50,000 షీట్లు వస్తాయి. కోల్‌కతా నడిబొడ్డు 79 బీ/6లో ఉంటుంది. జాదవ్‌పూర్ 22 డిగ్రీల 30 నిమిషాల రేఖకు కాస్త దక్షిణాన ఉంది కాబట్టి పక్క షీట్ 79 బీ/7లోకి వెళ్తుంది. హైదరాబాద్ పాత నగరం 56 కే/7.

2005 జాతీయ పటాల విధానం తర్వాత ప్రజల కోసం ఓపెన్ సిరీస్ పటాలు వచ్చాయి. ఇవి డబ్ల్యూజీఎస్-84 మీద గీసినవి. వీటి నంబర్ల పద్ధతి వేరు. ఫోన్ చూపే స్థానాన్ని వీటి మీద నేరుగా గుర్తించవచ్చు. 2017లో సర్వే ఆఫ్ ఇండియా వీటిని ఆన్‌లైన్‌లో ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. ఏ షీట్ తీసుకున్నా ముందు అంచులు చదవాలి. స్కేలు, డేటం, సర్వే చేసిన ఏడాది, అయస్కాంత ఉత్తరం తేడా అక్కడే ఉంటాయి.

వీటిలో సర్వే ఏడాదిని చాలామంది పట్టించుకోరు. హుగ్లీ ముఖద్వారంలోని ఘోరామారా దీవి గత శతాబ్దంలో సగానికి పైగా కోతకు గురైంది. పాత షీట్ మీద ఊరు ఉన్న చోట ఇప్పుడు నీళ్లు ఉండవచ్చు.

చదును నేలను చదవడం

టోపోషీట్ అనగానే గోధుమరంగు కాంటూరు రేఖలు గుర్తొస్తాయి. ఒకే ఎత్తులోని బిందువులను కలిపే రేఖలవి. దగ్గర దగ్గరగా ఉంటే నిట్ట వాలు, దూరంగా ఉంటే మెల్లని వాలు. 1:50,000 షీట్లలో రెండు రేఖల మధ్య ఎత్తు తేడా సాధారణంగా 20 మీటర్లు. పాడేరు ఘాట్‌లోనో నల్లమలలోనో ఈ రేఖలే దారి చెబుతాయి.

సముద్ర మట్టానికి పది మీటర్ల లోపే ఉండే కోల్‌కతాలో వాటి వల్ల పెద్దగా ఉపయోగం లేదు. ఇక్కడ నేలను నీటి గుర్తులతో చదవాలి. హుగ్లీ ఒడ్డు కాస్త మిట్ట, అక్కడి నుంచి తూర్పుకు నేల దిగుతుంది. పటం మీద నీలి గీతలుగా కనిపించే మురుగు కాలువలు నదివైపు కాకుండా తూర్పున చిత్తడి నేలలవైపు ఎందుకు సాగుతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. గట్టు పక్కన 3ఆర్ అని ఉంటే అది పక్క నేలకంటే మూడు మీటర్లు ఎత్తని అర్థం. వరద వస్తే ఎక్కడ నిలబడాలో ఆ చిన్న అంకె చెబుతుంది. కోనసీమ లంకలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది.

మూడు ఉత్తరాలు

పటం మీద ఉత్తర ధ్రువంవైపు చూపేది నిజ ఉత్తరం. గళ్ల గీతలు చూపేది గ్రిడ్ ఉత్తరం. దిక్సూచి ముల్లు చూపేది అయస్కాంత ఉత్తరం. కోల్‌కతాలోనూ, తెలుగు రాష్ట్రాల్లోనూ నిజ ఉత్తరానికీ అయస్కాంత ఉత్తరానికీ తేడా చాలా తక్కువ. ఒక డిగ్రీ పొరపాటు పడితే కిలోమీటరు నడకలో పక్కకు జరిగేది సుమారు 17 మీటర్లు. అందుకే మనవాళ్లు దీన్ని పట్టించుకోకపోయినా గడిచిపోతుంది. అదే అలవాటుతో అమెరికాలోని సియాటెల్ కొండల్లో నడిస్తే ప్రమాదం. అక్కడ తేడా దాదాపు 15 డిగ్రీలు. కిలోమీటరుకు 260 మీటర్లు దారి తప్పుతారు.

కోల్‌కతాలో అసలు చిక్కు ఇనుముతో. హౌరా వంతెనలో 26 వేల టన్నులకు పైగా ఉక్కు ఉంది. దాని మీద గానీ, ట్రామ్ పట్టాల పక్కన గానీ దిక్సూచిని నమ్మలేం. ఫోన్‌లోని దిక్సూచీ అయస్కాంత సెన్సర్‌తోనే పనిచేస్తుంది కాబట్టి దానికీ ఇదే ఇబ్బంది.

మీరున్న చోటు తెలియకపోతే, పటం మీదా కళ్ల ముందూ కనిపించే రెండు మూడు గుర్తులను ఎంచుకోండి. ఒక్కోదాని దిక్కోణం దిక్సూచితో కొలవండి. దానికి 180 కలిపి, లేదా 180 దాటితే తీసేసి, ఆ గుర్తు నుంచి వెనక్కి గీత గీయండి. గీతలు కలిసే చోటే మీరున్న చోటు. కొండగుర్తులు లేని సుందర్‌బన్స్‌లో నది మలుపులు, కాలువల కలయికలే ఆధారం.

ఉపగ్రహం ఇచ్చే అంకె

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సమయాన్ని ప్రసారం చేస్తాయి. సంకేతం ఎంత ఆలస్యంగా అందిందో చూసి పరికరం దూరం లెక్కిస్తుంది. సెకనులో పది లక్షల వంతు పొరపాటు జరిగితే 300 మీటర్ల తేడా వస్తుంది. స్థానంతో పాటు తన గడియారం తప్పునూ సరిచేసుకోవాలి కాబట్టి పరికరానికి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. బడాబజార్ లాంటి ఇరుకు సందుల్లో సంకేతం గోడలను తాకి వచ్చి లెక్క చెడుతుంది. నకిలీ సంకేతాలతో విమానాల జీపీఎస్‌ను తప్పుదారి పట్టించిన ఘటనలు మన దేశంలోనూ నమోదయ్యాయి.

ఎత్తు విషయంలో మరో మెలిక ఉంది. జీపీఎస్ నేరుగా లెక్కగట్టే ఎత్తు గోళాభం నుంచి, సముద్ర మట్టం నుంచి కాదు. కోల్‌కతా దగ్గర సముద్ర మట్టం గోళాభానికి 50 మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. సవరణ చేయని యాప్‌లు నగరం ఎత్తును మైనస్‌లో చూపేది అందుకే. ఆ అంకెతో ముంపు అంచనా వేయకూడదు.

బయల్దేరే ముందు

* పరికరంలోని డేటం, పటం డేటం ఒకటేనా? కాకపోతే సెట్టింగ్స్‌లో మార్చుకోండి.
* అంకెలు ఏ రూపంలో ఉన్నాయి? 22.57 డిగ్రీలను 22 డిగ్రీల 57 నిమిషాలుగా చదివితే 42 కిలోమీటర్లు ఉత్తరానికి వెళ్లిపోతారు.
* గ్రిడ్ రిఫరెన్స్‌లో ముందు తూర్పు అంకెలు, తర్వాత ఉత్తరపు అంకెలు. ఆరంకెల రిఫరెన్స్ వంద మీటర్ల గడిని చూపుతుంది.
* అక్షాంశ, రేఖాంశాలు ఎవరికైనా ఫోన్‌లో చెప్పేటప్పుడు పక్కనే ఉన్న ఒక గుర్తు కూడా చెప్పండి. గుడి, లాకు, రేవు, ఏదైనా సరే. అంకె తప్పితే దాన్ని పట్టుకునేది ఆ గుర్తే.

చివరి సూచన అన్నిటికన్నా పాతది, ఇప్పటికీ పనికొచ్చేది. సర్వేయర్లు ఏ బిందువునూ ఒక్క కొలతతో ఖాయం చేయరు, రెండో దారిలో సరిచూస్తారు. ఫోన్ చెప్పింది పటంతోనూ, పటం చెప్పింది కళ్ల ముందున్న నేలతోనూ సరిపోతేనే ముందుకు కదలాలి. సరిపోకపోతే ఆగి, డేటం నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.