మా పెద్దవూర పబ్బు కథ

ఈమధ్య ఆఫీసు పనిమీద ఆర్నెల్లు ఇంగ్లండులో ఉండి వచ్చాను. అక్కడ మా టీములో ఒక పెద్దాయన ఉండేవాడు. శుక్రవారం సాయంత్రం అయిందంటే చాలు, నన్ను వాళ్ళ వీధి చివరి పబ్బుకి లాక్కుపోయేవాడు. బోర్డు మీద పేరు కింద "ఫ్రీ హౌస్" అని రాసుంది. బీరు ఫ్రీ కాబోలు అని సంబరపడ్డాను (నవ్వకండి, మీరైనా అంతే!). తీరా అడిగితే అర్థం వేరట. అక్కడ చాలా పబ్బులు ఏదో ఒక బీరు కంపెనీకో, పబ్బుల కంపెనీకో కట్టుబడి ఉంటాయి. వాళ్ళ దగ్గరే, వాళ్ళు చెప్పిన రేటుకే సరుకు కొనాలి. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే వెండర్ లాక్-ఇన్. ఆ కట్టు లేనిది ఫ్రీ హౌస్. పెద్ద కంపెనీల గుత్తాధిపత్యం ఎక్కువైందని 1989లో వాళ్ళ ప్రభుత్వమే కలగజేసుకోవాల్సి వచ్చింది. 2003లో కంబ్రియాలో ఒక పల్లెటూరివాళ్ళు తలా కొంత వేసుకుని ఓల్డ్ క్రౌన్ అనే పబ్బుని కొనేసుకున్నారు. సహకార పద్ధతిలో నడిచే మొట్టమొదటి పబ్బు అదేనని ఈయన ఎంత గర్వంగా చెప్పాడో!

"మీ ఊళ్ళో ఇలాంటిది ఉందా?" అని అడిగాడు. లేదన్నాను.

రూముకొచ్చి పడుకున్నాక గానీ తట్టలేదు, అబద్ధం చెప్పానని.

మాది పెద్దవూర. నల్లగొండ నుంచి సాగర్ పోయే దారిలో, హాలియా దాటాక వస్తుంది. నా చిన్నప్పుడు ఊరి బయట తాళ్ళలో మండువ ఉండేది. బోర్డు లేదు, బల్లల్లేవు. ఒక పందిరి, కూర్చోడానికి నాలుగు బండలు, వరసగా లొట్లు. తాటాకు మడిచి దోసిట్లో పట్టుకుంటే అందులో పోసేవాళ్ళు. పోచమ్మ పండుగకి సాక పొయ్యడానికి కల్లు తెమ్మని మా నాయనమ్మ నన్నే పంపేది. "దార్ల తాగకు బిడ్డా" అంటూ గౌడ్ మామ సీసా నింపి ఇచ్చేవాడు. (ఒకసారి తాగాను. ఆ సంగతి ఇక్కడ అనవసరం.)

ఇంతకీ కల్లులో ఒక విచిత్రం ఉంది. పొద్దున్నే దించినప్పుడు తియ్యగా ఉంటుంది. లొట్టిలో పడ్డప్పటినుంచే పులియడం మొదలవుతుంది. సాయంత్రానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పులిసిపోయి నోట పెట్టుకోలేం. అంటే కల్లుని గోడౌన్లో దాచలేం, లారీలకెత్తి నాలుగు జిల్లాలకి పంపలేం. అందుకే మండువ చెట్టు కిందే ఉండాలి. తాగేవాడికి గీసేవాడు తెలుసు, గీసేవాడికి తాగేవాడి ఇల్లు తెలుసు. అప్పుపద్దులతో సహా! ఇది ఎవరో కూర్చుని రాసిన విలువల పట్టిక కాదు, ఆ సరుకు స్వభావమే అంత.

మరి మండువ నిజంగా ఫ్రీ హౌసేనా? చాలాకాలం కాదు. నిజాం రాజ్యంలో 1316 ఫస్లీలో, అంటే 1906-07లో, ఆబ్కారీ చట్టం వచ్చింది. కల్లు మీద సర్కారుకి బాగా రాబడి. దుకాణాలు వేలం వేస్తే డబ్బున్న గుత్తేదార్లు పాడుకునేవాళ్ళు. ప్రాణాలకు తెగించి చెట్టెక్కేవాడు మాత్రం కూలివాడే. 1947లో నిజాం రాబడిని దెబ్బకొట్టాలని స్టేట్ కాంగ్రెస్ ఉద్యమకారులు తాటిచెట్లు, ఈతచెట్లు నరికారు. ఉద్దేశం మంచిదే. కానీ పడిపోయిన ప్రతి చెట్టూ ఎవరో ఒక గీత కార్మికుడి కూడు కూడా.

ఇక్కడ మా జిల్లా మనిషి ఒకాయన గురించి చెప్పాలి. బొమ్మగాని ధర్మభిక్షం. 1922లో సూర్యాపేటలో గౌడ కుటుంబంలో పుట్టాడు. నిజాం మీద పోరాడి జైలుకెళ్ళాడు, 1952లో సూర్యాపేట నుంచే శాసనసభకి గెలిచాడు. గీత పనివాళ్ళని సంఘంగా కూడగట్టి జీవితాంతం వాళ్ళ కోసం కొట్లాడాడు. ఫ్లోరైడ్ నీళ్ళ గోస దేశానికి వినిపించాలని 1996లో నల్లగొండ పార్లమెంటు సీటుకి 480 మంది పోటీకి దిగారు కదా, బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైపోయింది కదా, ఆ ఎన్నికలో గెలిచింది ఈయనే. 2011లో పోయాడు.

"దున్నేవాడికే భూమి" లాగే "గీసేవాడికే చెట్టు" అన్నది గీత కార్మికుల నినాదం. ఆ కొట్లాటల ఫలితంగానే గుత్తేదారు పోయి సొసైటీలు వచ్చాయి. ఎక్సైజు కాగితాల్లో వీటిని టీసీఎస్ అంటారు. మీకు వేరే టీసీఎస్ గుర్తొస్తుందని తెలుసు. మా ఊళ్ళో మాత్రం టీసీఎస్‌లో ఉన్నాడంటే చెట్టెక్కుతాడని అర్థం. గీసేవాళ్ళే సభ్యులు, వాళ్ళదే దుకాణం. ఓల్డ్ క్రౌన్ కన్నా ఎన్నో ఏళ్ళ ముందే!

అలాగని అంతా బంగారం అనడం లేదు. తాగుడు కొంపలు ముంచడం నేనూ చూశాను. 1995లో మద్యనిషేధం పెట్టినప్పుడు కల్లు జోలికి పోలేదు గానీ, కల్లుకీ దాని పాపం దానికుంది. ఆ పాపం పేరు దూరం. చెట్టు ఒకచోట, దుకాణం ఇంకోచోట అయితే, ఉన్న కల్లు సరిపోక లొట్టిలోకి నీళ్ళు, శాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డైజెపామ్, ఆల్ప్రజోలం వస్తాయి. చుట్టుపక్కల సరిపడా చెట్లు లేవన్న కారణంతోనే 2004లో హైదరాబాదు కల్లు దుకాణాలు మూసేశారు. 2014లో మళ్ళీ తెరిచారు. వాటి మీద బతికేవాళ్ళ గోడు అబద్ధం కాదు, కానీ చెట్లు మాత్రం ఎక్కణ్ణుంచి వస్తాయి? 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చచ్చిపోయారు. ఆ తాగినవాళ్ళకి గీసినవాడి ముఖం తెలిసుండదు.

మా గౌడ్ మామ నేను ఇంజనీరింగు మూడో ఏడులో ఉండగా చెట్టు మీంచి పడ్డాడు. మోకు జారింది. బతికాడు గానీ మళ్ళీ చెట్టెక్కలేదు. పడకుండా పట్టి ఉంచే కాటమయ్య రక్షణ కిట్లు 2024లో వచ్చాయి. ఆయనకి ఆలస్యమైపోయింది. కొడుకు హైదరాబాదులో క్యాబు నడుపుతున్నాడు. "నా కొడుకు మోకు ముట్టొద్దనే చదివించిన" అంటాడు మామ. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆయన కొడుకుని చెట్టెక్కమని చెప్పడానికి ఏసీలో కూర్చుని కోడు రాసుకునే నేనెవణ్ణి?

తాళ్ళలో సగం ప్లాట్లయిపోయాయి. 2015లో హరితహారం మొదలైనప్పుడు నాటిన తాటిమొక్క గీతకి రావాలంటే 2030 దాటాలి. అప్పటికి చెట్టు ఉంటుంది. ఎక్కేవాడుంటాడా?

మొన్న ఆ ఇంగ్లండు పెద్దాయనకి మెయిలు రాశాను. "మా ఊళ్ళోనూ ఉంది, మీకన్నా ముందునుంచే" అని. ఫోటో పంపమన్నాడు. వచ్చే సంక్రాంతికి ఊరెళ్ళి తియ్యాలి. అప్పటిదాకా ఉంటే.