ఇంటిపేరులో జంతువు

కోడి, నక్క, పులి, గొర్రెల, పాముల వంటి ఇంటిపేర్లు గలవారు మీకు తెలిసే ఉంటారు. తరగతిలో హాజరు పిలిచినప్పుడు నవ్వులు వినిపించేది ఈ పేర్లకే. 'మీ పూర్వులు ఫలానా పని చేసి ఉంటారు' అని తేలికగా తేల్చేదీ ఈ పేర్లను బట్టే. చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ కాస్త ఆగాలి. పదానికి అర్థం వేరు, అది ఇంటిపేరైన కారణం వేరు.

వీరఘట్టానికి చెందిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడును తీసుకోండి. ఛాతీపై ఏనుగును నిలిపిన బలశాలిగా పేరుపొందినవాడు. శ్రీకాకుళంలోని క్రీడా మైదానానికి ఆయన పేరే పెట్టారు. 'కోడి' అర్థం చిన్నపిల్లలకూ తెలుసు. అంతమాత్రాన ఆ వంశంవారు కోళ్లు పెంచారనో, పందేలు ఆడించారనో రాస్తే అది ఊహే అవుతుంది.

బొబ్బిలిని చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. 17వ శతాబ్దంలో శ్రీకాకుళం నవాబు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వచ్చిన పెద్దరాయుడు, ఆయన గౌరవార్థం ఊరికి ఆ పేరు పెట్టాడని సంస్థాన చరిత్రలో చెబుతారు. షేర్ అంటే పులి. పెద్దపులి పెబ్బులి అయి, చివరకు బొబ్బిలి అయింది. ఈ కథనం ప్రకారం పులి అడవిలోంచి కాక ఒక పారశీక నామంలోంచి వచ్చింది! ఆ ఊరి ప్రభువుల ఇంటిపేరు మాత్రం రావు. బొబ్బిలి అనే ఇంటిపేరు గలవారు సూచించేది ఊరినే కాని పులిని కాదు. విజయనగర ప్రభువుల 'పూసపాటి' కూడా పూసపాడు అనే ఊరి నుంచి వచ్చినదే.

రష్యాలో 'వోల్కోవ్' అనే పేరుంది. వోల్క్ అంటే తోడేలు. చివరి ప్రత్యయం మన 'గొర్రెల'లోని 'ల' వలె సంబంధాన్ని తెలుపుతుంది. అయితే ఆ సంబంధం మృగంతో కాదు, వోల్క్ అని పిలిపించుకున్న ఒక పూర్వీకునితో.

జంతువే వంశచిహ్నమైన సందర్భాలూ లేకపోలేదు. 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథం పాత విశాఖపట్నం ఏజెన్సీలోని ఒడియా మాట్లాడే సమాజాలలో బాగ్, నాగ్, కొచ్చిమొ వంశాలను నమోదు చేసింది. అంటే పులి, నాగుపాము, తాబేలు. దీన్ని మైదాన ప్రాంతపు ప్రతి 'పులి'కీ అంటగట్టకండి. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాలలో కనిపిస్తుంది కనుక, దానితో బంధుత్వాన్నీ నిర్ణయించలేం.

మీ ఇంటిపేరునే పరిశీలించదలిస్తే, ముందుగా ఆ పేరుతో ఊరు ఉందేమో వెతకండి. తర్వాత తాతముత్తాతల భూమి దస్తావేజులు తీసి, గుమాస్తా ఆ పేరును ప్రతిసారీ ఒకే విధంగా రాశాడో లేదో పోల్చి చూడండి.