మొటిమలు, పెళ్ళి, చాక్లెట్: ఒక తప్పుడు లెక్క చరిత్ర

"పెళ్ళైతే అవే పోతాయిలేరా!" పోయిన వేసవిలో మా పద్నాలుగేళ్ళ మనవడి మొహం చూసి ఒక బంధువు అన్న మాట ఇది. అందరూ నవ్వారు, వాడు తప్ప. "మామిడిపళ్ళు తగ్గించు, వేడి చేసింది" అంది మా ఆవిడ. నేను హేతువాదిని కదా! "తిండికీ మొటిమలకీ సంబంధం లేదని సైన్సు ఎప్పుడో తేల్చేసింది. వయసుతో వచ్చినవి వయసుతోనే పోతాయి" అని తీర్పు చెప్పి మళ్ళీ పేపరు చదువుకున్నాను.

నేను డాక్టర్ని కాదు. బి.కాం. చదివి, డిఫెన్స్ అకౌంట్స్‌లో బిల్లులు తనిఖీ చేసి రిటైరైనవాణ్ణి. ఆ రోజు మేం ముగ్గురం వోచరు చూడకుండానే బిల్లు పాస్ చేశాం. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ముందు పెళ్ళి సంగతి చూద్దాం. ఇది మన పల్లెటూరి మూఢనమ్మకం మాత్రమే అనుకుంటే పొరపాటు. 17వ శతాబ్దంలో యూరప్ వైద్యులు కూడా మొటిమలను బ్రహ్మచర్యంతో ముడిపెట్టారు. 19వ శతాబ్దంలో నింద హస్తప్రయోగం మీదికి మళ్ళింది. ఎంతమంది పిల్లలు చేయని నేరానికి సిగ్గుతో కుంగిపోయారో! ఇందులో లోపం చిన్నదే. పెళ్ళి వయసు, మొటిమలు తగ్గే వయసు ఇంచుమించు ఒకటే. రెండూ ఒకేసారి జరిగితే ఒకటి రెండోదానికి కారణమైపోతుందా?

మన సుశ్రుత సంహిత వీటిని 'ముఖదూషిక' అంది, బూరుగు ముళ్ళతో పోల్చింది. పరిశీలన చక్కగా ఉంది. కారణం మాత్రం కఫం, వాతం, రక్తం అని రాసింది. చూసింది సరిగా రాసినంత మాత్రాన చెప్పిన కారణం కూడా సరైనదైపోదు.

అసలు వోచరు 1941లో దొరికింది. యవ్వనానికి ముందే వృషణాలు కోల్పోయిన మగవాళ్ళకు మొటిమలు రావనీ, వాళ్ళకు పురుష హార్మోను ఇస్తే వస్తాయనీ అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్ చూపించాడు. ఆ హార్మోన్లు కొద్దిపాటిగా ఆడపిల్లల్లోనూ ఉంటాయి. వాటివల్ల చర్మంలోని గ్రంథులు నూనె ఎక్కువగా ఊరిస్తాయి, రోమకూపాలు మూసుకుపోతాయి, లోపల బాక్టీరియా పెరుగుతుంది, వాపు వస్తుంది. ఇందులో పాపమూ లేదు, మురికీ లేదు.

ఇక నా తీర్పు సంగతి. దానికి మూలం 1969లో అమెరికాలో వచ్చిన చాక్లెట్ ప్రయోగం. 65 మందికి కొన్నాళ్ళు చాక్లెట్ బారు, కొన్నాళ్ళు చాక్లెట్ లేని బారు ఇచ్చి, తేడా లేదన్నారు. ఆ ముక్క పట్టుకుని నాలాంటివాళ్ళు దశాబ్దాలుగా వాదించాం. కానీ ఆ రెండో బారులోనూ చక్కెర, కొవ్వు దండిగా ఉన్నాయి. ఒక్కొక్క విడత నాలుగు వారాలే. పైగా ఆ 65 మందిలో కొందరు ఖైదీలు. ఆడిట్‌లో ఇలాంటి లెక్క నా బల్ల మీదికి వచ్చి ఉంటే ఎర్ర సిరాతో తిప్పి పంపేవాణ్ణి! 2007లో ఆస్ట్రేలియాలో 43 మంది యువకుల మీద 12 వారాలు చేసిన ప్రయోగంలో, రక్తంలో చక్కెరను త్వరగా పెంచని తిండి తిన్నవారికి మొటిమలు ఎక్కువగా తగ్గాయి. చిన్న ప్రయోగమే. మామిడిపండు మానితే నయమవుతుందని దీని అర్థం కాదు. కానీ "ఏ సంబంధమూ లేదు" అన్న నా మాట కూడా నిలబడదు.

మా ఇంటి కథ అక్కడితో ఆగలేదు. మేం నవ్వుతూ, తీర్పులు చెబుతూ ఉంటే, వాడు మందుల షాపులో ఒక ట్యూబు కొనుక్కుని దాచుకున్నాడు. వారంలో మొహం తేటపడింది. తర్వాత ఎర్రబడి, మంటపుట్టి, మొటిమలు రెట్టింపయ్యాయి. స్కూలు ఫోటో రోజున కడుపునొప్పి అని పడుకున్నాడు. దుప్పటి తీసి చూస్తే ఏడుస్తున్నాడు. ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. 2018లోనే కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా పద్నాలుగేళ్ళ పిల్లాడికి అమ్మారు.

మర్నాడే చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె స్టెరాయిడ్ ఆపించి, చర్మం కుదుటపడ్డాక బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ రాశారు. "ఫలితం కనపడటానికి రెండు మూడు నెలలు పడుతుంది, మధ్యలో మానకు. గిల్లకు. రోజుకు రెండుసార్లు మెల్లగా కడుక్కుంటే చాలు" అని వాడితోనే చెప్పారు, నాతో కాదు. తీవ్రంగా ఉన్నవారికి 1982లో అమెరికాలో అనుమతి పొందిన ఐసోట్రెటినోయిన్ ఉంది. కానీ గర్భవతులు వాడితే బిడ్డకు తీవ్రమైన అవకరాలు వస్తాయి కాబట్టి అది డాక్టరు కనుసన్నల్లోనే వాడాలి.

"వాటంతటవే పోతాయి" అన్న మాట చాలామంది విషయంలో నిజమే కావచ్చు. కానీ పోయేలోపు కొందరికి గుంటలు మిగులుతాయి, మరికొందరికి అద్దం చూసుకోవాలంటే భయం మిగులుతుంది. వైద్యం ఆ లోపే జరగాలి.

ఇప్పుడు వాడి మొహం చాలావరకు బాగుంది. మొన్న నన్ను అడిగాడు: "తాతయ్యా, అందరినీ సాక్ష్యం అడుగుతావు కదా, ఆ రోజు నిన్ను నువ్వు ఎందుకు అడగలేదు?"

నా దగ్గర జవాబు లేదు. మీ ఇంట్లోనూ ఆ వయసు పిల్లలుంటే, వాళ్ళు ఈ ప్రశ్న అడగకముందే ఒక్కసారి పక్కన కూర్చుని "ఇబ్బందిగా ఉందా?" అని అడగండి.