వ్యవహారమున వాక్కు: మితాక్షర చేసిన యొక హెచ్చరిక

న్యాయసభలో గెలువవలసినది సత్యమా, మాటనేర్పా? ఈ ప్రశ్న నేటిది కాదు. కర్ణాటకమున తరతరములుగా నివసించుచున్న మన తెలుగువారు దీనిని ప్రత్యేకముగా తలచుకొనదగును. ఏలయన, దీనిని చర్చించిన మహాగ్రంథ మొకటి యీ గడ్డమీదనే పుట్టి, పిమ్మట తెనుగు పద్యముల రూపము దాల్చినది.

చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడు (1076–1126) కల్యాణపురము రాజధానిగా పాలించుచుండగా విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి ‘మితాక్షర’ యను సంస్కృతవ్యాఖ్యను రచించెను. ఆ కల్యాణమే నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. తిక్కనకు దశకుమారచరిత్రమును అంకితమిచ్చిన కేతన 13వ శతాబ్దిలో ‘విజ్ఞానేశ్వరీయము’ను రచించి యీ ధర్మశాస్త్రమును తెనుగువారి కందించెను. 1810లో కోల్‌బ్రూకు దాయవిభాగ ప్రకరణమును ఆంగ్లీకరించినది మొదలు మితాక్షర ఆస్తిపంపకముల గ్రంథముగనే ప్రసిద్ధి కెక్కినది. కాని వాదప్రతివాదములను గూర్చి అది చెప్పిన విషయములు అంతకంటె తక్కువవి కావు.

ప్రాచీనుల మతమున వ్యవహారమునకు నాలుగు పాదములు. వాది చేయు ఫిర్యాదునకు ‘భాష’ యని పేరు. ప్రతివాది పలుకునది ‘ఉత్తరము’. ప్రమాణములు చూపుట ‘క్రియ’. జయాపజయ నిర్ణయము ‘సాధ్యసిద్ధి’. ఉత్తరమును మరల నాలుగు తెఱగులు. అప్పు తీసికొంటినని ఒప్పుకొనవచ్చును, తీసికొనలేదని కాదనవచ్చును, తీసికొంటిని గాని తీర్చివేసితినని కారణము చూపవచ్చును, ఈ తగవు పూర్వమే తీర్పు పొందినదని చెప్పవచ్చును. వాక్కునకు ఇంతటి స్థానమిచ్చిన స్మృతియే, రాజు మాటల మోసమును త్రోసిపుచ్చి జరిగిన యథార్థమును బట్టి తీర్పు చెప్పవలెనని శాసించినది. ప్రమాణములుగా పత్రమును, అనుభవమును, సాక్షులను పేర్కొన్నది.

ఇక ముఖ్యవిషయము. నిలుకడ లేక కదలుట, పెదవులు తడుపుకొనుట, నుదుట చెమర్చుట, మొగము వెలవెలబోవుట, మాట తడబడుట: వీనిని స్మృతి దుష్టుని లక్షణములుగా చెప్పినది. విజ్ఞానేశ్వరుడు ఇచ్చట ఆగి, ఇవి దోషము ఉండవచ్చునని సూచించునేకాని దోషమును నిశ్చయింపజాలవని హెచ్చరించెను. స్వభావముచేత కలిగిన వికారమేదో, తప్పుచేసిన భయముచేత కలిగినదేదో వేరుపరచుట కష్టమని ఆయన భావము.

ఈ హెచ్చరిక విలువ మాబోటి ఉపాధ్యాయులకు బాగుగా తెలియును. విద్యార్థుల తండ్రులు న్యాయస్థానపు తాఖీదులను బడికి తెచ్చి అర్థము చెప్పుమని అడుగుట కద్దు. ఇంట తెలుగు, వీధిలో కన్నడము మాటలాడువారే యైనను, బోను ఎక్కినంతనే పరభాషలో వారి మాట తడబడును. ఆ తడబాటు అపరాధము కాదు, భాష చాలకపోవుటయే.

రాజ్యాంగము 350వ అధికరణమున, కష్టనివారణకై పెట్టుకొను విజ్ఞప్తిని ఆ రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను అధికారులకు సమర్పించు హక్కు కలదు. 1956లో చేరిన 350-ఏ అధికరణము అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమికవిద్య మాతృభాషలో లభించునట్లు ఏర్పాటు చేయుమని చెప్పుచున్నది. ఈ రెండును ఒకదాని కొకటి తోడు. తెలుగు వ్రాయుట నేర్వనివానికి తెలుగు విజ్ఞప్తి హక్కు ఏమి ప్రయోజనము? రాష్ట్రభాషను బాగుగా నేర్వనివానికి న్యాయసభలో ధైర్యమెక్కడిది?

కావున మన పిల్లలకు రెండు భాషలును నేర్పుదము. పద్యముతోపాటు, జరిగినది జరిగినట్లు పదిపంక్తులలో వ్రాయుటయు నేర్పుదము. పూర్వులు ఫిర్యాదునకు ‘భాష’ యని పేరిడుట మనము మరువరాదు.