నాలుగో సీడా, పన్నెండో ర్యాంకా? అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్ మ్యాప్ మారిన కథ

2024 డిసెంబర్‌లో ఒకరోజు పొద్దున్నే మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. వాడు అప్పుడు అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో మాస్టర్స్ చేస్తున్నాడు. "అన్నయ్యా, మా కాలేజీ టీమ్ ప్లేఆఫ్‌కి వెళ్ళింది. కానీ ఒకచోట 4 అంటున్నారు, ఇంకోచోట 12 అంటున్నారు. ఇంతకీ మేము ఎన్నో స్థానంలో ఉన్నట్టు?" అని అడిగాడు. చిన్న ప్రశ్నే కదా, రెండు నిమిషాల్లో చెప్పేద్దాం అని వెతకడం మొదలుపెట్టాను. తీగ లాగితే డొంకంతా కదిలింది. వాడి ప్రశ్నకి జవాబు కోసం నేను 1984 దాకా వెళ్ళాల్సొచ్చింది. ఈరోజు ఎపిసోడ్ ఆ కథే.

ముందు బేసిక్స్ చూద్దాం. ఇది మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు. హెల్మెట్లు పెట్టుకుని, కోలగా ఉండే బంతి పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. ఆడేది కాలేజీ కుర్రాళ్ళు. అయినా లక్ష మందికి పైగా పట్టే స్టేడియంలు నిండిపోతాయి.

ఐపీఎల్‌లో 10 టీమ్‌లు, ఒకటే పాయింట్ల పట్టిక. పైనున్న నాలుగు ప్లేఆఫ్‌కి వెళ్తాయి. ఎవరికీ అనుమానం ఉండదు. కాలేజ్ ఫుట్‌బాల్‌లో 2024 నాటికి పై స్థాయిలోనే 134 టీమ్‌లు ఉన్నాయి. ఒక్కో టీమ్ రెగ్యులర్ సీజన్‌లో ఆడేది 12 మ్యాచ్‌లే. అంటే ఎక్కువ టీమ్‌లు ఒకదాని ముఖం ఒకటి చూడవు. అందరికీ కలిపి ఒకే పట్టిక వేయడం కుదరదు.

అందుకే రెండు ఏర్పాట్లు చేసుకున్నారు. ఒకటి కాన్ఫరెన్స్. చుట్టుపక్కల రాష్ట్రాల యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్న లీగ్ అన్నమాట. రెండోది 13 మంది ఉండే సెలక్షన్ కమిటీ. వాళ్ళు కూర్చుని ర్యాంకులు ఇస్తారు. ప్లేఆఫ్‌లో ఎవరు ఎవరితో ఆడాలో చెప్పే వరస నంబరే సీడ్. 12 టీమ్‌ల ప్లేఆఫ్‌లో మొదటి 4 సీడ్‌లు తొలి రౌండ్ ఆడక్కర్లేదు, నేరుగా క్వార్టర్ ఫైనల్‌కే. 5 నుంచి 8 వరకు ఉన్నవాళ్ళు తొలి మ్యాచ్ సొంత గ్రౌండ్‌లో ఆడతారు. అంటే సీడ్ ఊరికే ఒక అంకె కాదు. విశ్రాంతి, సొంతగడ్డ, డబ్బు అన్నీ దాంట్లోనే ఉన్నాయి.

మరి 1984లో ఏం జరిగింది? అప్పటిదాకా టీవీలో ఏ కాలేజీ మ్యాచ్ ఎన్నిసార్లు రావాలో ఎన్‌సీఏఏ అనే జాతీయ సంస్థే నిర్ణయించేది. ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీల వాళ్ళు కోర్టుకెక్కారు. అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఆ గుత్తాధిపత్యం చెల్లదని తీర్పిచ్చింది. అక్కడి నుంచి టీవీ హక్కులు మెల్లమెల్లగా కాన్ఫరెన్స్‌ల చేతిలోకి వచ్చాయి. ఏ లీగ్‌లో పెద్ద పేర్లు ఎక్కువుంటే ఆ లీగ్‌కి పెద్ద కాంట్రాక్ట్. దాంతో స్కూళ్ళు లీగ్‌లు మారడం మొదలైంది. దీన్నే రీఅలైన్‌మెంట్ అంటారు. 1996 కల్లా టెక్సస్ ప్రాంతంలో ఎంతో పేరున్న సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ మూతపడింది.

ఇంకోపక్క ఛాంపియన్‌ని తేల్చే పద్ధతి కూడా మారుతూ వచ్చింది. 1998 నుంచి బీసీఎస్ పేరుతో టాప్ 2 టీమ్‌లకి ఫైనల్. 2014 సీజన్ నుంచి 4 టీమ్‌ల ప్లేఆఫ్. పెద్ద లీగ్‌లు ఐదు, కుర్చీలు నాలుగు. ప్రతి ఏడూ కనీసం ఒక లీగ్ నిలబడాల్సిందే.

ఆ గొడవ తీరాలని 2021 జూన్‌లో 12 టీమ్‌ల ప్రతిపాదన బయటికొచ్చింది. ర్యాంకుల్లో ముందున్న 6 లీగ్ ఛాంపియన్లకి చోటు, మిగతా 6 కుర్చీలు ఎవరికైనా. మొదటి 4 సీడ్‌లు మాత్రం లీగ్ ఛాంపియన్లకే. లీగ్ గెలిస్తే దానికో విలువ ఉండాలనేది వాళ్ళ లెక్క. ఐదు పెద్ద లీగ్‌లు ఇంచుమించు సమానంగా ఉన్న మ్యాప్‌కి అది న్యాయమైన రూలే.

కానీ కొన్ని వారాల్లోనే మ్యాప్ చిరగడం మొదలైంది. 2021 జూలైలో టెక్సస్, ఓక్లహోమా యూనివర్సిటీలు బిగ్ 12 లీగ్‌ని వదిలి ఎస్‌ఈసీకి వెళ్తామన్నాయి. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ రెండూ పాక్-12ని వదిలి బిగ్ టెన్‌కి వెళ్తామని ప్రకటించాయి. 2023 ఆగస్టు 4న ఒక్కరోజే ఐదు స్కూళ్ళు పాక్-12 నుంచి బయటికి నడిచాయి. ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి. అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి. పసిఫిక్ ఒడ్డునున్న స్టాన్‌ఫర్డ్, కాల్ వెళ్ళి అట్లాంటిక్ కోస్ట్ పేరు పెట్టుకున్న ఏసీసీలో చేరాయి! 1915లో పుట్టిన లీగ్‌లో చివరికి మిగిలింది రెండే స్కూళ్ళు, ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్. ఇప్పుడు బిగ్ టెన్‌లో 18 టీమ్‌లు, బిగ్ 12లో 16. పేర్లకీ లెక్కలకీ పొంతనే లేదు.

ఆ మధ్యలోనే 2023 డిసెంబర్ వచ్చింది. ఫ్లోరిడా స్టేట్ టీమ్ 13 ఆడి 13 గెలిచింది. ఏసీసీ ఛాంపియన్ కూడా. అయినా కమిటీ పక్కన పెట్టేసింది. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ గాయపడ్డాడు, ఇప్పుడది పాత టీమ్ కాదు అన్నారు. ఒక మ్యాచ్ ఓడిన అలబామాకి నాలుగో కుర్చీ ఇచ్చారు. చేతికొచ్చిన ముద్ద నోటికి అందలేదు. ఏ లీగ్‌లో ఉన్నాం అన్నది ఎన్ని గెలిచాం అన్నదానికంటే పెద్దదైపోయిందా అన్న అనుమానం అప్పుడు చాలామందికి వచ్చింది.

పాక్-12 కూలిపోవడంతో 2024 ఫిబ్రవరిలో రూల్ సవరించారు. 6+6 కాస్తా 5+7 అయింది. కానీ మొదటి 4 సీడ్‌లు ఛాంపియన్లకే అన్న మాట మాత్రం అలాగే ఉంచేశారు. అసలు చిక్కు అక్కడే వచ్చింది.

పెద్ద లీగ్‌లు ఇప్పుడు నాలుగే. బలమైన టీమ్‌లన్నీ ఎస్‌ఈసీ, బిగ్ టెన్‌లో కుప్పపడ్డాయి. ఒక్కో లీగ్‌కి ఛాంపియన్ ఒక్కడే కదా! దాంతో 2024లో 1 ఒరెగాన్, 2 జార్జియా. మూడో సీడ్ 9వ ర్యాంకులో ఉన్న బాయిసీ స్టేట్‌కి, నాలుగో సీడ్ 12వ ర్యాంకులో ఉన్న అరిజోనా స్టేట్‌కి వెళ్ళాయి. 3వ ర్యాంకు టెక్సస్ ఐదో సీడ్‌కి, 4వ ర్యాంకు పెన్ స్టేట్ ఆరో సీడ్‌కి జారిపోయాయి. మా తమ్ముడి ప్రశ్నకి జవాబు ఇదే. కమిటీ కళ్ళకి వాళ్ళ టీమ్ 12, రూల్ కళ్ళకి 4. రెండూ నిజమే.

దీనివల్ల ఎక్కువ నష్టపోయింది ఎవరో తెలుసా? నంబర్ 1 ఒరెగాన్. ఆ టీమ్ కొత్త లీగ్ బిగ్ టెన్‌కి వచ్చిన తొలి ఏడాదే 13-0తో ఛాంపియన్ అయింది. కింది టీమ్‌లు పైకి లేవడంతో 6వ ర్యాంకు ఒహాయో స్టేట్ 8వ సీడ్‌కి దిగింది. 8-9 మ్యాచ్ గెలిచినవాళ్ళు నంబర్ 1తో ఆడాలి. నేరుగా ర్యాంకుల ప్రకారం సీడ్‌లు ఇచ్చుంటే ఒరెగాన్‌కి ఇండియానా గానీ బాయిసీ స్టేట్ గానీ ఎదురయ్యేది. దానికి బదులు ఒహాయో స్టేట్ వచ్చి పడింది. 2025 జనవరి 1న రోజ్ బౌల్‌లో ఒక దశలో స్కోరు 34-0. చివరికి ఒహాయో స్టేట్ 41-21తో గెలిచింది. దశాబ్దాల పాటు రోజ్ బౌల్ అంటే బిగ్ టెన్‌కీ పసిఫిక్ తీరానికీ మధ్య పోటీ. ఆరోజు ఆడిన రెండు టీమ్‌లూ బిగ్ టెన్‌వే.

అదేరోజు అట్లాంటాలో ఇంకో మ్యాచ్ జరిగింది. టెక్సస్ వర్సెస్ అరిజోనా స్టేట్. ఒకరు బిగ్ 12ని వదిలి వెళ్ళినవాళ్ళు, ఇంకొకరు అదే ఏడాది ఆ లీగ్‌లోకి వచ్చినవాళ్ళు. సీజన్‌కి ముందు మీడియా అంచనాల్లో అరిజోనా స్టేట్‌ది 16 టీమ్‌లలో 16వ స్థానం! అలాంటి టీమ్ రెండు ఓవర్‌టైమ్‌ల దాకా పోరాడి 39-31తో ఓడింది. మా తమ్ముడు అర్ధరాత్రి పూట వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నయ్యా, 12వ ర్యాంకు టీమ్ ఇలా ఆడుతుందా?" అని. నా దగ్గర జవాబు లేదు.

బై దొరికిన నాలుగు టీమ్‌లూ మొదటి మ్యాచ్‌లోనే ఓడాయి. ఎనిమిదో సీడ్ ఒహాయో స్టేట్ కప్పు కొట్టింది. 2025 మేలో రూల్ మళ్ళీ మార్చారు. ఐదుగురు ఛాంపియన్లకి చోటు ఉంటుంది గానీ, సీడ్‌లు మాత్రం ర్యాంకు ప్రకారమే.

మరి ఇప్పుడైనా సర్దుకుందా? 2025 సీజన్ చూడండి. ఏసీసీలో 17 టీమ్‌లు, ఒక్కోటి లీగ్‌లో ఆడేది 8 మ్యాచ్‌లు. ఐదు టీమ్‌లు 6-2తో రెండో స్థానంలో సమానంగా నిలిచాయి. ప్రత్యర్థుల గెలుపు శాతం లెక్కగట్టి డ్యూక్‌ని లీగ్ ఫైనల్‌కి పంపారు. డ్యూక్ గెలిచింది కూడా, మొత్తం రికార్డు 8-5. కానీ ర్యాంకుల్లో వెనకబడటంతో ఏసీసీ ఛాంపియన్‌కి ప్లేఆఫ్‌లో చోటే దక్కలేదు. ఆ కుర్చీ చిన్న లీగ్ నుంచి వచ్చిన జేమ్స్ మాడిసన్‌కి వెళ్ళింది. లీగ్ ఫైనల్ కూడా ఆడని మయామి పదో సీడ్‌గా వచ్చి, జాతీయ ఫైనల్ దాకా వెళ్ళి ఇండియానా చేతిలో ఓడింది.

అలాగని పాత రూలే నయం అనకండి. అదే ఉండుంటే 20వ ర్యాంకు టులేన్‌కి నాలుగో సీడ్ వచ్చేది, 2వ ర్యాంకు ఒహాయో స్టేట్ ఐదుకి దిగేది.

నాకు అర్థమైంది ఒక్కటే. తప్పు సీడింగ్ ఫార్ములాలో లేదు. లీగ్ చిన్నగా ఉండి అందరూ అందరితో ఆడితే ఛాంపియన్ అన్న మాటకి బరువుంటుంది. టీవీ డబ్బు కోసం లీగ్‌ని 17కో 18కో పెంచితే ఆ మాట పలచబడుతుంది. ఆ పలచనని కప్పడానికే ఏటా రూల్ మారుస్తున్నారు.

మధ్యలో నలిగింది ఆ మిగిలిపోయిన రెండు స్కూళ్ళు. 2024లో, 2025లో రెండు టీమ్‌లతో నడిచిన పాక్-12కి ఛాంపియన్ కోటా లేదు. ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ ఏ తప్పూ చేయలేదు. పక్కింటివాళ్ళు ఇళ్ళు మారారు, వీళ్ళ వీధే లేకుండా పోయింది. బాయిసీ స్టేట్ లాంటి టీమ్‌లని చేర్చుకుని 2026లో లీగ్‌ని మళ్ళీ నిలబెట్టే ప్లాన్ వేసుకున్నారు.

మా తమ్ముడు మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. చదువైపోయింది, ఉద్యోగం టెక్సస్‌లో. "ఇప్పుడు ఎవరికి సపోర్ట్ చేస్తున్నావురా?" అన్నాను. "ఊరు మారినంత మాత్రాన టీమ్ మారుస్తామా అన్నయ్యా" అన్నాడు. టీమ్‌లే లీగ్‌లు మారుస్తున్న కాలంలో, వాడు మాత్రం మారలేదు.

మీరైతే ఏ రూల్ పెడతారు? లీగ్ గెలిచినవాడికి పెద్దపీటా, ర్యాంకుకి పెద్దపీటా? ఆలోచించండి. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.